ఉపాధి పనికి రోజుకు 307 అన్నారు, ఖాతాలో 195 పడింది. మిగతాది ఎవరు తిన్నారు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. డిగ్రీ చదివారు. హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగం పోయి ఊరికి వచ్చేశారు. పోయిన ఏడాది, అంటే 2025 మే నెలలో, అమ్మతో కలిసి రెండు వారాలు చెరువు పూడిక పనికి వెళ్లారు. రోజుకు 307 రూపాయలని ఊళ్లో అందరూ అన్నారు. తీరా ఖాతా చూసుకుంటే రోజుకు 195 లెక్కన పడింది. ఆ 112 రూపాయలు ఎవరు తిన్నారు, ఈ వేసవిలో మళ్లీ వెళ్లాలా వద్దా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ 112 రూపాయలు చాలా మటుకు ఎవరి జేబులోకీ వెళ్లి ఉండవు. అవి లెక్కలోకే రాలేదు. 307 అనేది హాజరు వేయించుకున్నందుకు వచ్చే జీతం కాదు, నిర్ణయించినంత పని జరిగితే దక్కే కూలి. మీ గ్రూపు తవ్విన మట్టిని టేపు పెట్టి కొలిచారు, దానికి విలువ కట్టారు, ఆ మొత్తాన్ని మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఉన్న పనిదినాలతో భాగించారు, 195 తేలింది. అలాగని అంతా సక్రమంగానే జరిగిందని నేను అనను. కొలతలోనే కూలీకి రావాల్సింది పోయే దారులు చాలా ఉన్నాయి. వాటి గురించే ఈ జవాబులో ఎక్కువ రాస్తున్నాను. ఇక రెండో ప్రశ్నకు జవాబు: వెళ్లొచ్చు, కానీ మీ ఇంటి రోజుల లెక్క చూసుకుని వెళ్లండి. అది ఎందుకో కింద చెప్తాను.

నేను ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులు కొలిచే టెక్నికల్ అసిస్టెంట్‌గా పని మొదలుపెట్టాను. తర్వాత చాలాకాలం, ఆ పనుల లెక్కలు ఊరి జనం ముందు సరిచూసే సామాజిక తనిఖీ బృందాలతో తిరిగాను. కొలతల పుస్తకం రాసినవాణ్ణీ నేనే, ఇంకొకరు రాసిన పుస్తకం పట్టుకుని ఊరి ముందు నిలదీసినవాణ్ణీ నేనే. కాబట్టి రెండు వైపులా తెలిసే రాస్తున్నాను. మీరు తెలంగాణా, ఆంధ్రా అన్నది రాయలేదు. 2025-26 సంవత్సరానికి రెండు రాష్ట్రాల్లోనూ రేటు 307 రూపాయలే కాబట్టి దానివల్ల తేడా రాదు. అంతకుముందు ఏడాది 300, దానికి ముందు 272.

పనిని బట్టి కూలి అంటే వరికోతకు గుత్త మాట్లాడుకున్నట్టే. ఎకరం కోస్తే ఇంత అనుకుంటారు. ఎంతమంది దిగారు, ఎన్ని గంటలు చేశారు అన్నది చేనుగల ఆసామికి పట్టదు. వచ్చింది మనుషులు పంచుకుంటారు. ఉపాధి పనిలో తేడా ఏమిటంటే, రేటు మీరు మాట్లాడుకోరు, ప్రభుత్వం ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ రేట్లు ఎలా ఉండాలో కూడా చట్టంలోనే ఉంది: మామూలు శక్తిగల మనిషి, గంట విశ్రాంతితో కలిపి ఎనిమిది గంటలు పని చేస్తే ప్రకటించిన పూర్తి కూలి రావాలి. మన దగ్గర ఏ నేలలో మనిషి ఎంత తవ్వగలడో గడియారం పెట్టి చూసి, దాన్ని బట్టి రేట్లు తయారు చేశారు. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. చెరువులో దిగాక అసలు సంగతి తెలుస్తుంది.

లెక్క ఇలా నడుస్తుంది. పది మంది గ్రూపు, ఆరు రోజుల మస్టరు అనుకోండి. అంటే 60 పనిదినాలు. మీ నేలలో ఘనపు మీటరు మట్టి తవ్వి గట్టున పోస్తే 150 రూపాయలనుకుందాం. ఇది లెక్క సులువుగా ఉంటుందని నేను పెట్టిన అంకె. అసలు రేటు నేలను బట్టి, మట్టి మోసే దూరాన్ని బట్టి మారుతుంది. వారం చివర టేపు పెడితే 78 ఘనపు మీటర్లు వచ్చింది. 150 చొప్పున 11,700 రూపాయలు. 60తో భాగిస్తే 195. అదే 307 రావాలంటే 18,420 రూపాయల పని జరగాలి, అంటే దాదాపు 123 ఘనపు మీటర్లు. మనిషికి రోజుకు రెండు ఘనపు మీటర్ల పైచిలుకు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతున్న గొయ్యి రోజూ ఒక్కో మనిషి తవ్వాలన్నమాట. మీ గ్రూపు సగటున తవ్వినట్టు పుస్తకంలో పడింది అదే గొయ్యి జానెడున్నర లోతున.

ఇక్కడ ఆగి మీరే ఆలోచించండి. నిజంగా జానెడున్నరే తవ్వారా, లేక మోకాటి లోతు తవ్వితే జానెడున్నర రాశారా? లేదంటే పది మంది పేర్లుంటే ఎనిమిది మందే తవ్వారా? మీ 112 రూపాయల జవాబు ఈ మూడింటిలో ఎక్కడో ఉంది.

మొదట నేల రకం సంగతి. మెత్తటి నేలకు ఒక రేటు, గట్టి నేలకు ఒక రేటు, మొరానికి ఇంకో రేటు ఉంటాయి. పని మంజూరు కోసం అంచనా వేసేటప్పుడు ఏ నేల రాస్తే ఆ రేటే చివరిదాకా నడుస్తుంది. అంచనా చాలాసార్లు వానాకాలం తర్వాత, నేల పదునుగా ఉన్నప్పుడు వేస్తారు. పని జరిగేది మేలో. చెరువు అడుగు మట్టి ఎండకు పగిలి రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. గడ్డపార దిగదు. ఒక ఊళ్లో వరసగా రెండు మస్టర్లు సగం కూలి కూడా రాక జనం పని మానేశారు. నేను వెళ్లి చూస్తే పుస్తకంలో మెత్తటి నేల అని ఉంది, కింద అడుగు లోతు దాటగానే మొరం తగులుతోంది. అక్కడ ఒక గుంట తవ్వి చూపించి, ఫోటోలు తీసి, అంచనా సవరించి పంపాక మూడో మస్టరు నుంచి కూలి పెరిగింది. మనుషులు అవే, పారలు అవే. మారింది పుస్తకంలో నేల రకం రాసిన ఆ ఒక్క గడి. గడ్డపార దిగట్లేదంటే గ్రూపు మొత్తం మొదటి రోజే ఆ మాట టెక్నికల్ అసిస్టెంట్‌కు చెప్పాలి. మస్టరు మూసేశాక చెబితే వినే నాథుడు ఉండడు.

రెండోది మట్టి మోసే దూరం, ఎత్తు. తవ్వడానికి ఒక డబ్బు, తట్ట నెత్తిన పెట్టుకుని దూరంగా గట్టు ఎక్కి పోయడానికి దానిపైన అదనపు డబ్బు ఉంటుంది. చెరువు మధ్యలో తవ్వినవాళ్లకీ, గట్టు పక్కన తవ్వినవాళ్లకీ ఒకే దూరం రాసేయడం చాలా మామూలు. మోసేది ఎక్కువగా ఆడవాళ్లు కాబట్టి, ఆ నష్టం కూడా వాళ్ల కష్టానిదే.

మూడోది గొయ్యి ఆకారం. చాలామందికి తట్టని విషయం ఇది. టేపు పొడవు, వెడల్పు, లోతు మాత్రమే కొలుస్తుంది. మీరు గిన్నెలాగా, పైన వెడల్పుగా అడుగున ఇరుకుగా తవ్వితే, కొలిచేవాడు తక్కువ వైపే చూస్తాడు. చేసిన పనిలో అయిదో వంతు అక్కడే మాయమవుతుంది. అంచులు నిలువుగా చెక్కాలి, అడుగు చదునుగా ఉండాలి. పూడిక తీసేటప్పుడు మధ్య మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మ వదలాలి, నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో చూపించే సాక్ష్యం అదే. ఆ దిమ్మ లేకపోతే లోతు అనేది కొలిచేవాడి కంటి అంచనా మీద ఆధారపడుతుంది. మంచి మేట్, అంటే గ్రూపు పని దగ్గరుండి చూసుకునే మనిషి, ఉన్న గ్రూపుకి, మిగతా గ్రూపులకి రోజుకు నలభై యాభై రూపాయల తేడా రావడం నేను చాలా ఊళ్లలో చూశాను. కండబలం వల్ల వచ్చిన తేడా కాదది. మేట్ పొద్దున్నే సున్నం గీతలు గీసి, ఎవరి గొయ్యి వాళ్లకి అప్పజెప్పి, సాయంత్రం అంచులు సరిచేయించడం వల్ల వచ్చింది.

నాలుగోది పనికి రాని పేర్లు. ఇది మాత్రం నిజంగా తినడమే. పై లెక్కలోనే చూడండి. పది పేర్లలో రెండు దొంగ పేర్లయితే, 60 పనిదినాల్లో 12 అబద్ధం. 11,700ను 48తో భాగిస్తే 243 రూపాయల పైన వస్తుంది. అంటే నిజంగా చెమటోడ్చిన ఒక్కొక్కరి దగ్గర్నుంచి రోజుకు దాదాపు 49 రూపాయలు పోయినట్టు. దొంగ హాజరు వేస్తే ప్రభుత్వం డబ్బే కదా పోయేది, మనకేం అనుకుంటారు జనం. గ్రూపు కొలతలో అది ప్రభుత్వం డబ్బు కాదు, పక్కన తవ్విన మనిషి డబ్బు. ఈ ఒక్క సంగతి ఊళ్లో చెప్పి చూడండి, మస్టరు మీద ఎంతమంది కన్ను వేస్తారో. సామాజిక తనిఖీలో ఇంటింటికీ మస్టరు పట్టుకుని వెళ్లి పేర్లు చదువుతుంటే, పట్నంలో చదువుకుంటున్న పిల్లాడి పేరున, కాన్పుకు పుట్టింటికి వెళ్లిన కోడలి పేరున హాజర్లు బయటపడేవి. ఆ ఇంటివాళ్లకే తెలియని సందర్భాలు కొన్ని, తెలిసి సగం సగం పంచుకున్నవి కొన్ని.

దీన్ని ఆపడానికే కదా ఫోన్ యాప్ పెట్టారు అంటారేమో. అవును, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనుల దగ్గరా రోజుకు రెండుసార్లు ఫోటోతో హాజరు తప్పనిసరి చేశారు. అయినా ఫోటోకి ఫోటో తీసి పెట్టడం, సంబంధం లేని ఫోటోలు పెట్టడం జరుగుతోందని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. నాకు ఆ యాప్ మీద ఇంకో కోపం ఉంది. కూలేమో పనిని బట్టి, హాజరేమో గంటలను బట్టి! మేలో తెల్లవారకముందే దిగి తొమ్మిదిన్నరకల్లా వాటా గొయ్యి పూర్తి చేసిన మనిషి, మధ్యాహ్నం రెండో ఫోటో కోసం ఎండలో పడిగాపులు కాయాలి, లేదా ఇంటికెళ్లి మళ్లీ రావాలి. రాకపోతే ఆ రోజు పోయినట్టే. పనిని కొలిచి డబ్బిస్తామన్నవాళ్లు మనిషిని కూడా కూర్చోబెట్టడం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు. మీ 12 రోజుల్లో ఒకటి రెండు రోజులు హాజరు పడలేదేమో కూడా చూసుకోండి. 195 అన్నది ఖాతాలో పడిన మొత్తాన్ని మీరు వెళ్లిన రోజులతో భాగించిన అంకె అయితే, అసలు రోజు కూలి ఇంకా ఎక్కువే అయి ఉండొచ్చు.

అమ్మ వయసు మీరు చెప్పలేదు. ఆడవాళ్లకు, వయసు మీరినవాళ్లకు, వికలాంగులకు వేరే రేట్లు ఉండాలని చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. పని చోట తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. అయిదేళ్లలోపు పిల్లలు అయిదుగురు అంతకంటే ఎక్కువ ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. దెబ్బ తగిలితే వైద్యం ఉచితం. ఉమ్మడి రాష్ట్రంలో ఎండల నెలల్లో వేసవి భత్యం కూడా ఉండేది, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం దాకా. తక్కువ పనికే పూర్తి కూలి వచ్చేట్టు లెక్కలో కలిపేవాళ్లు. మీ అమ్మగారిని అడిగితే ఆ రోజుల్లో మే నెల కూలే బాగుండేదని చెప్పినా ఆశ్చర్యం లేదు.

కొలత కూలి నిన్నా మొన్నా పుట్టింది కాదని కూడా చెప్పాలి. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ముసలివాళ్లు ఇప్పటికీ దీన్ని కరువు పని అనే అంటారు. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో రోజంతా మట్టి మోయించి పౌను ధాన్యం, దానిమీద కొద్ది డబ్బులతో సరిపెట్టారు. ఆ తర్వాత వచ్చిన కరువు నియమావళుల్లోనే ఇంత మట్టికి ఇంత కూలి అనే పద్ధతి బలపడింది. స్వతంత్రం వచ్చాక మహారాష్ట్ర 1972 కరువు నుంచి నేర్చుకుని 1977లో ఉపాధి హామీకి చట్టం చేసింది. దేశమంతటికీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా. పాత కరువు పనికీ దీనికీ తేడా ఒకటే. అప్పుడు దొర దయ తలచి పెట్టేవాడు, ఇప్పుడు అడిగే హక్కు మీది. తేడా ఒకటే అయినా చిన్నది కాదు. కానీ ఆ హక్కును రాతపూర్వకంగా వాడుకునేవాళ్లే తక్కువ.

2005 చట్టం ప్రకారం ఆ హక్కు ఎలా పనిచేస్తుందో చూడండి. పని కావాలని రాసిస్తే, తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగానికి తగ్గకుండా నిరుద్యోగ భృతి రావాలి. 307లో నాలుగో వంతు అంటే 76 రూపాయల 75 పైసలు. ఈ భృతి అందుకున్నవాళ్లు మీ ఊళ్లో ఉన్నారేమో అడిగి చూడండి, నాకు తెలిసి ఉండరు. కారణం ఆ రసీదే. ఆ చట్టం కింద కూలి డబ్బు కేంద్రం ఇస్తుంది, నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. అందుకని తేదీ వేసిన రసీదు ఇవ్వడానికి కింది సిబ్బందికి చేతులు రావు. ‘ముందు పనికి రండి, కాగితం తర్వాత చూద్దాం’ అంటారు. రసీదు లేకపోతే మీరు పని అడగనట్టే లెక్క. మీరు చదువుకున్నవారు కదా, గ్రూపు మొత్తానికీ దరఖాస్తులు మీరే రాసి, రసీదులు తీసుకోండి. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ తీసుకోకపోతే మండల పరిషత్ ఆఫీసులో ఇవ్వండి.

ఆలస్యం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మస్టరు మూసిన 15 రోజుల్లో డబ్బు పడాలి, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం. మీ 12 రోజుల కూలి 2,340 రూపాయల మీద అది రోజుకు రూపాయి పదిహేడు పైసలు. నెల ఆలస్యమైతే 35 రూపాయలు. దానికోసం ఎవరూ తిరగరు, తిరగొద్దు కూడా. డబ్బు అసలే పడకపోతే మాత్రం బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని తిరగకండి, ముందు ఆధార్ ఏ ఖాతాకి ముడిపడి ఉందో చూడండి. 2024 జనవరి 1 నుంచి చెల్లింపులు ఆధార్ ఆధారంగానే జరగాలన్నారు. ఆధార్‌తో చివరగా ముడిపడిన ఖాతాలోకే డబ్బు వెళ్తుంది. ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు తెలియకుండా తెరిచిన ఖాతాలో ఏడాది కూలి పడి ఉన్న ఆమెను నేను చూశాను. అధికారులు తిన్నారని ఊరంతా చెప్పుకున్నారు. డబ్బు ఆమె పేరునే ఉంది.

ఇప్పుడు మీ పాత డబ్బు గురించి. చెరువులో నీళ్లు వచ్చేసి ఉంటాయి కాబట్టి మళ్లీ టేపు పెట్టి కొలిచే మాట లేదు. కానీ కాగితాలు నీళ్లలో మునగవు. ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో మీ ఊరు, జాబ్ కార్డు నంబరు పట్టుకుని వెళ్తే ఏ పని, ఏ మస్టరు, ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నీ కనిపిస్తాయి. దీనికి లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. మూడు విషయాలు చూడండి. మీ మస్టరులో ఉన్న పేర్లన్నీ నిజంగా మీతో పనిచేసినవాళ్లవేనా? మీ రోజులన్నీ పడ్డాయా? ఇంకో గ్రూపుకి అదే చెరువులో, అదే వారం ఎంత పడింది? మూడోది చాలా పనికొస్తుంది. పక్క గ్రూపుకి 280, మీకు 195 అయితే కొలత పుస్తకం చూపించమని అడగడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టు. అందరికీ 195 చుట్టుపక్కలే అయితే నేల రకం తప్పుగా రాశారని అనుమానించాలి. అప్పుడు పని అంచనా కాగితం, కొలతల నకలు ఇవ్వమని ఎంపీడీవో ఆఫీసులో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సామాజిక తనిఖీ బృందం ఊరికి వచ్చినప్పుడు ఆ కాగితాలు వాళ్ల చేతిలో పెట్టండి. మండలంలో జరిగే ప్రజా వేదికలో చదివే అంశాల్లో మీ చెరువు కూడా చేరాలి. ఒక్కరే వెళ్లకండి. ఒక్కరు అడిగితే గొడవ, గ్రూపు అడిగితే ఫిర్యాదు.

మేట్‌కో ఇంకెవరికో మస్టరుకు ఇంత అని ముట్టజెప్పే అలవాటు మీ ఊళ్లో ఉంటే అది లంచమే, వేరే పేరు లేదు. అది మీ 195లోంచి పోతుంది, 112లోంచి కాదు.

ఇక మళ్లీ వెళ్లాలా అన్నది. 2005 చట్టం ప్రకారం వంద రోజులు మనిషికి కాదు, కుటుంబానికి. చాలామంది డిగ్రీ కుర్రాళ్లు ఇది తెలియకుండా దిగుతారు. మీరూ అమ్మా ఇద్దరూ వెళ్తే వారానికి 12 రోజులు ఖర్చవుతాయి, ఎనిమిది తొమ్మిది వారాల్లో మీ ఇంటి కోటా అయిపోతుంది. అమ్మ ఒక్కరే వెళ్తే అదే కోటా పదహారు వారాలకు పైగా వస్తుంది. ఇద్దరూ వెళ్లినంత మాత్రాన ఏడాది మొత్తానికి ఇంటికొచ్చే డబ్బు పెరగదు, తొందరగా వస్తుందంతే. చేతిలో డబ్బు ఇప్పుడే కావాలంటే ఇద్దరూ వెళ్లండి. లేదంటే ఆ రోజులు అమ్మకు వదిలి, మీరు వేరే దారి చూసుకోవడం మేలు. మీకు పెళ్లై వేరే పొయ్యి పెట్టుకుని ఉంటే జాబ్ కార్డు వేరేగా అడగొచ్చు. కార్డు కోసం కాగితం మీద వేరు కాపురం చూపించే పని మాత్రం పెట్టుకోవద్దు. రేషన్ కార్డు దగ్గర దొరికిపోతారు.

ఇంకో మాట, నొచ్చుకోకండి. ఏళ్ల తరబడి పార పట్టని మనిషి గ్రూపులో చేరితే సగటు పడిపోతుంది. పక్కనున్న అత్తలూ పిన్నులూ మొహమాటానికి అనరు, కానీ వాళ్ల కూలిలోంచే మీ తేడా పూడుతుంది. మొదటి వారం బొబ్బలు మామూలే. మీలాంటివారు గ్రూపుకి నిజంగా పనికొచ్చేది లెక్క దగ్గర. టేపు పెట్టినప్పుడు పక్కన నిలబడి పొడవు, వెడల్పు, లోతు చీటీ మీద రాసుకునే మనిషి ఒకరుంటే చాలు, కొలిచేవాడి చెయ్యి జాగ్రత్తగా పడుతుంది. నేను కొలిచేటప్పుడు కూడా అలా చీటీ పట్టుకున్న పిల్ల ఉన్న గ్రూపు దగ్గర రెండోసారి టేపు వేసేవాణ్ణి. మేట్‌గా చేరే వీలుందేమో అడగండి, చదవడం రాయడం వచ్చినవారే కావాలి దానికి. పదో తరగతి దాటిన కూలీ కుటుంబాల పిల్లలకు మూడు నెలల శిక్షణ ఇచ్చి, కొలతలు వేసే సహాయకులుగా తయారుచేసే ఏర్పాటు కూడా ఈ పథకం కింద వచ్చింది. మీ మండలంలో అలాంటిది నడుస్తోందేమో, అక్కడ ఈ పథకం చూసే ఏపీవోని అడగండి.

దీన్ని ఉద్యోగానికి మెట్టుగా మాత్రం చూడకండి. చెరువు తవ్విన అనుభవం చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఈ పథకం పెట్టింది అందుకు కాదు, పనుల్లేని నెలల్లో ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండటానికి. ఆ పని అది బాగానే చేస్తోందని నా నమ్మకం. గుంతలు తవ్వి పూడ్చే పథకమని వెక్కిరించేవాళ్లు, ఈ పనుల్లో తవ్విన నీటి కుంటల పక్కన రెండో పంట వేసుకున్న రైతుల్ని ఒకసారి పలకరిస్తే బాగుంటుంది. మీకు వేరే ఉపాధి కావాలంటే జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచిత శిక్షణ ఉంటుంది, భోజనం వసతితో సహా. వంద రోజులు పూర్తి చేసిన కుటుంబంలో 18-45 ఏళ్ల మనిషి ఒకరికి శిక్షణా కాలంలో భృతి ఇచ్చే ఉన్నతి అనే కార్యక్రమం కూడా తెచ్చారు. మీ అమ్మ వంద రోజులు పూర్తిచేస్తే ఆ అర్హత మీకు రావచ్చు. రోజులు ఆమెకు వదలమన్నది అందుకు కూడా.

చివరగా, 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ అనే కొత్త చట్టాన్ని ఆమోదించింది. అందులో రోజులు 125. కూలిలోనూ రాష్ట్రం వాటా వచ్చింది, మన రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40. విత్తనాలు, కోతల కాలంలో మొత్తం 60 రోజుల వరకు పనులు ఆపే వీలు పెట్టారు. కాబట్టి ఈ ఏడాది పని అడిగే ముందు మీ ఊళ్లో పని ఏ చట్టం కింద నడుస్తోందో, పనులు ఆపే రోజులు ఎప్పుడని ప్రకటించారో పంచాయతీలో కనుక్కోండి. పైన రాసిన వంద రోజులు, భృతి, పరిహారం అంకెలు పాత చట్టానివి. టేపు, మస్టరు, నేల రకం గురించి రాసింది ఏ చట్టం కిందైనా మట్టి పని ఉన్నంతకాలం పనికొస్తుంది.

మీ మస్టరు చూశాక మీ గ్రూపు కూలి, పక్క గ్రూపు కూలి, పని పేరు ఇక్కడ రాయండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెప్తాను. జాబ్ కార్డు నంబరు, ఆధార్, అమ్మ పేరు మాత్రం పెట్టకండి.